వెనకసీటు మావయ్య

హెల్మెట్ పెట్టుకున్నప్పుడు దానిమీద ఎవరైనా వేలి కణుపుతో కొడితే, లోపలున్న మనిషికి ఇంటి తలుపు కొట్టినట్టు వినపడుతుంది. ఆ చప్పుడు బయటినుంచి వచ్చినట్టుండదు, తలలోనే ఎవరో ఉండి కొట్టినట్టుంటుంది. ఈ సంగతి నాకు తెలియజేసినాయన మొన్న పోయారు.

నేనప్పుడు హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వెళ్ళే దారిలో, ఒక చేపల చెరువు గట్టుమీద ఉన్నాను. చెరువుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి ల్యాబులో పరీక్ష చేయడం నా ఉద్యోగం. సీసాకి మూత బిగిస్తుంటే నాన్న ఫోన్ చేశాడు. మావయ్యగారు పోయారని, పొద్దున నమాజు చేసుకుని కాస్త నడుం వాల్చి మళ్ళీ లేవలేదని, సాయంత్రం నమాజు వేళకి తీసుకెళ్ళిపోతారని చెప్పాడు. ఏ మావయ్యగారని నేను అడగలేదు. మా చుట్టాల్లో మావయ్యలకి కరువు లేదు గానీ, నాన్న గొంతు అలా పలికేది ఒక్క ఆయన విషయంలోనే. బండి అద్దానికి తగిలించిన నా హెల్మెట్ గాలికి ఊగుతోంది. దాన్ని తీసి తలకి పెట్టుకోవడానికి భయం వేసింది. పెద్దదాన్ని, నలుగురికీ ధైర్యం చెప్పేదాన్ని, నాకు నిజంగానే భయం వేసింది.

ఆయన మాకు చుట్టం కాదు. భవానీపురంలో మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. ముస్లింలు. వన్‌టౌన్‌లో దుప్పట్లు, తువ్వాళ్ళు, లుంగీలు అమ్మే కొట్టుండేది. వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యగారు, ఆవిడ అత్తయ్యగారు. చాటుగా మాత్రం ఆయన్ని వెనకసీటు మావయ్య అనుకునేవాళ్ళం. ఆ సంగతి ఆయనకి తెలుసు. "ముందు సీటు నాకు రాదు గదమ్మా, మరేమంటారు?" అని నవ్వేవారు.

రాదంటే నిజంగానే రాదు. అప్పటిదాకా సైకిలు తప్ప ఆయన ఏ బండీ నడపలేదు. అయినా మా వీధిలో ఎవరి పిల్లలు మొదటి బండి కొనుక్కున్నా షోరూముకి ఆయన రావాల్సిందే. పిలిస్తే మర్యాదగా వచ్చేవారు. పిలవకపోతే ఆటో కట్టించుకుని మరీ వచ్చేవారు. తెల్ల పైజామా, తెల్ల లాల్చీ, చేతిలో కొట్టులోంచి తెచ్చిన కొత్త తువ్వాలు ఒకటి. మిగతావాళ్ళంతా ట్యాంకు నిమురుతూ, లైట్లు వేసి చూస్తూ, మైలేజీ ఎంతని అడుగుతూ ఉంటే, ఆయన తిన్నగా బండి వెనక్కి వెళ్ళి, సీటు మాయకుండా ఆ తువ్వాలు పరిచి, పైజామా కాస్త పైకి లాక్కుని ఎక్కి కూర్చునేవారు. కళ్ళు మూసుకుని ఒకసారి ఇటూ అటూ కదిలేవారు. ఆయన బండిని చూడటం అంటే అంతే.

ఈమధ్య వచ్చే బండ్లకి వెనకసీటు ఎలా ఉంటోందో మీకు తెలుసు. తోక పైకెత్తిన పిట్టలా ఉంటుంది, దానిమీద అరచెయ్యంత దిండు. అలాంటిది చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. ఇది సీటా, అలంకారమా అని సేల్స్ కుర్రాణ్ణి నిలదీసేవారు. అది యూత్ బండండీ అని వాడంటే, యూత్‌కి అమ్మానాన్నా ఉండరా అనేవారు. కొనేవాడు తను కూర్చునే చోటే చూసుకుంటాడనీ, వెనక మనిషికి చోటులేని బండి ఎంత మంచిదైనా మంచిది కాదనీ ఆయన సిద్ధాంతం. ఆయన మాట విని కొన్న బండ్లతో మా వీధి నిండిపోయింది. బయటి కుర్రాళ్ళు మా వీధిలోకొస్తే అన్నీ ముసలి బండ్లేనని ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగేవారు. ఏ షోరూములోనైనా, ఏ కంపెనీ బండి గురించైనా ఒకటే ప్రశ్న. "రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ఇది ఎట్టా ఉంటది బాబూ?"

సిటీలో పుట్టిన సేల్స్ కుర్రాళ్ళు బిక్కమొహం వేసేవాళ్ళు. బ్రేకుల గురించి, టైర్ల గురించి కంఠతా పట్టినదంతా చెప్పేవాళ్ళు. ఆయన ఓపిగ్గా విని, "అవన్నీ వడ్లకి తెలియవు గదా" అనేవారు. ఎవరో ఒక కుర్రాడు మాత్రం, వడ్ల మీద ఏ బండైనా జారుతుందండీ, నెమ్మదిగా వెళ్ళడమే అన్నాడట. ఆ కుర్రాడికి ఆయన ఆ తువ్వాలు బహుమానంగా ఇచ్చి వచ్చారు. లేకపోతే తువ్వాలెప్పుడూ బండి కొనుక్కున్నవాళ్ళకే. మా వీధిలో ఏ బండి సీటు ఎత్తినా కింద ఆయన తువ్వాలు ఉంటుంది.

బండి బయటికి రాగానే మొదటి సవారీ ఆయనతో. అమ్మవారి గుడి దగ్గర పూజ, నిమ్మకాయలు తొక్కించడం, ఫోటోలు అన్నీ అయ్యాక ఆయన వెనకసీటు ఎక్కేవారు. బ్యారేజీ దాకా వెళ్ళి రావాలి. దారిలో వెనకనుంచి హెల్మెట్ మీద రెండుసార్లు, వేలి కణుపుతో. టక్, టక్. అదేంటండీ అని మొదటిసారి ప్రతివాళ్ళూ ఉలిక్కిపడి బండి ఆపేవాళ్ళు. గాలికి మాట వినపడదు కాబట్టి కొట్టానని, వెనక మనిషి ఉన్నాడని చెప్పడమే దానర్థమని ఆయన వివరించేవారు. వెనక మనిషి ఉన్నాడని గుర్తుంటే ఎవడూ ఎగరడట. దూకుడుగా వెళుతున్నప్పుడే కాదు, బుద్ధిగా వెళుతున్నా కొట్టేవారు. మర్చిపోకుండా.

ఆ కొట్టడం వాళ్ళబ్బాయితో మొదలైంది. ఒక్కడే కొడుకు. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎవరు ఎదురొచ్చినా ముందు తనే నవ్వేవాడు. హనుమాన్ జంక్షన్‌లో ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మేచోట ఉద్యోగం. ఉద్యోగం రాగానే బండి కొన్నాడు. రోజూ పొద్దున్నే తండ్రిని వెనక ఎక్కించుకుని వన్‌టౌన్‌లో కొట్టు దగ్గర దించి, తను హనుమాన్ జంక్షన్ వెళ్ళేవాడు. వీధి మలుపులో మాకు కనపడేది, వెనకనుంచి ఆయన రెండుసార్లు కొట్టడం, ముందు హెల్మెట్ ఒకసారి కిందికీ పైకీ ఊగడం. తండ్రీకొడుకులు అలా మాట్లాడుకునేవాళ్ళు.

ఒక కోతల కాలంలో, ఆ అబ్బాయి ఏదో ఊళ్ళో రైతుకి సామాను ఇచ్చి తిరిగొస్తూ, రోడ్డుమీద ఆరబోసిన వడ్లమీద జారి పడి, అక్కడికక్కడే పోయాడు. ఎదురుగా లారీ లేదు, పక్కన బస్సు లేదు. తప్పు ఫలానావాళ్ళదని చెప్పడానికి మనిషే లేడు. వడ్లు, వాడు, బండి. అంతే. ఆ రోడ్డు మీదనుంచే ఇప్పుడు నేను చెరువులకి వెళుతుంటాను.

బండి కొన్ని నెలలకి పోలీస్ స్టేషన్ నుంచి తిరిగొచ్చింది. ఆయన దాన్ని బాగుచేయించి, వరండాలో పెట్టి, కొట్టులోంచి తెచ్చిన దుప్పటి కప్పారు. అమ్మమని ఎంతమంది చెప్పినా అమ్మలేదు. బీమా గడువు రాగానే మళ్ళీ కట్టేవారు. నడవని బండికి బీమా ఎందుకని నేనొకసారి అడిగితే, అది వేరే సంగతిలే అమ్మా అని మాట మార్చేశారు. ఆ వేరే సంగతి ఏమిటో నాకు నా బండి కొనుక్కున్నరోజే తెలిసింది.

నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో అందరూ స్కూటీ కొనమన్నారు. చెరువు గట్లమీద, బురదలో స్కూటీ పనికి రాదు. గేర్ల బండే కావాలన్నాను. ఆడపిల్లకి గేర్ల బండేంటని అమ్మ గొడవ చేసింది. మావయ్యగారు మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, కాళ్ళు నేలకి ఆనతాయి గదా, ఇంకేంటి అన్నారు. అంతటితో గొడవ తీరిపోయింది. అసలు గొడవ నేను మనసులో దాచుకున్నదాంతో వచ్చింది.

మా నాన్నది కూచిపూడి దగ్గర పల్లెటూరు. ఉద్యోగానికి విజయవాడ వచ్చినప్పటినుంచీ ఒక పాత స్కూటరు నడిపాడు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. కాగితాలు తన పేరుకి మార్చుకోనేలేదు. మొదట బద్ధకం, తర్వాత అమ్మినాయన ఊరు మారిపోయాడు, ఇక అంతే. పోలీసులు ఆపి ఓనరెవరని అడిగితే మా బావమరిదండీ అనేవాడు. బావమరిది పేరేంటంటే కంగారులో ఒకటికి రెండు పేర్లు చెప్పి దొరికిపోయేవాడు. నేను ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుని అవన్నీ వింటుండేదాన్ని. ఆ ఖాకీ చొక్కా ముందు నాన్న చేతులు నలుపుకుంటూ నవ్వడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎప్పటికైనా నాన్న పేరు మీద ఒక బండి ఉండాలి, ఎవడాపినా నాదేనని నాన్న చెప్పాలి. చిన్నప్పుడే అనుకున్నాను. నా మొదటి బండి నాన్న పేరు మీదే తీసుకోవాలని, ఆ మాట షోరూములో చెప్పి నాన్నని ఆశ్చర్యపరచాలని నా ప్లాను.

షోరూముకి నాన్న, నేను, మావయ్యగారు వెళ్ళాం. ఆయన తువ్వాలు పరిచి వెనకసీటు ఎక్కారు. కళ్ళు మూసుకుని కదిలారు. వడ్ల ప్రశ్న అడిగారు. ఈ బండి పరవాలేదన్నారు. సేల్స్ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని, "ఎవరి పేరు మీద చేయమంటారండీ?" అన్నాడు.

"మా నాన్నగారి పేరు మీద" అన్నాను.

నాన్న మొహం నాకింకా కళ్ళముందే ఉంది. ముందు అర్థం కాలేదు. తర్వాత వద్దు వద్దంటూనే చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. నేను అంత సంతోషంగా నాన్నని ఎప్పుడూ చూడలేదు.

"అమ్మాయి పేరు మీద చెయ్యి బాబూ" అన్నారు మావయ్యగారు వెనకసీటు మీదనుంచే.

నాన్న నవ్వుతూనే, పిల్ల ముచ్చటపడుతోంది కదండీ అన్నాడు. ఆయన నవ్వలేదు. బండి దిగి వచ్చి, ఆ కుర్రాణ్ణి బీమా సంగతి మళ్ళీ చెప్పమన్నారు. వాడు గడగడా చెప్పుకుపోయాడు. అవతలివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది, బండికి దెబ్బ తగిలితే ఇచ్చేది, ఓనరుకి ప్రమాదం జరిగితే ఇచ్చేది.

"ఓనరంటే ఎవరు?" అన్నారాయన.

"ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళండి. ఓనరు నడుపుతుండగా జరిగితే వస్తుందండి."

"ఓనరు కాకుండా వాళ్ళ పిల్లలు నడిపితే?"

వాడు కాస్త తడబడి, ఇందులో అయితే రాదండీ, దానికి వేరే పాలసీ తీసుకోవాలండీ, అయినా అందరూ పెద్దవాళ్ళ పేరు మీదే తీసుకుంటారండీ, ఎవరూ అంత దూరం ఆలోచించరండీ అన్నాడు. నాకు చిరాకేసింది. కావాలంటే ఆ వేరే పాలసీ కూడా తీసుకుంటాను, ఇంత మంచి పూట ఈ చావు కబుర్లు ఎందుకనుకున్నాను. నాన్న కూడా అదేదో అనబోయాడు. అప్పుడు మావయ్యగారు ఆ కుర్రాడితో కాదు, నాతో కాదు, నాన్నతో మాట్లాడారు.

"మావాడూ ఇట్టాగే అన్నాడండీ. మొదటి బండి అబ్బా పేరు మీదే ఉండాలన్నాడు. నేను పొంగిపోయా. నాకు బండి తోలడం రాదు, లైసెన్సు లేదు, అయినా నా పేరు మీద బండి. వీధంతా చెప్పుకున్నా. వాడు పోయాక బీమా ఆఫీసుకి వెళితే అక్కడో అమ్మాయి కూర్చునుంది. మంచి పిల్లే. కాగితం చూసి, ఓనరు ఎవరండీ అంది. నేనేనమ్మా అన్నా." ఆయన తువ్వాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "మీరు బాగానే ఉన్నారు కదండీ, అంది."

డబ్బు కోసం కాదండీ, అల్లా దయవల్ల తిండికి లోటు లేదు, ఆ పిల్ల తప్పూ లేదు, ఆ మాట మాత్రం ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా వినపడుతుందండీ అన్నారు. ఓనరు బాగానే ఉన్నాడు కాబట్టి ఆ బండికి ఇప్పటికీ బీమా కడుతూనే ఉన్నానన్నారు. ఇంకెవరి ఇంట్లోనూ అది వినపడకూడదన్నారు.

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. చెరుకురసం బండి పక్కన అటు తిరిగి నిలబడ్డాడు. కోపమో, బాధో వీపు చూస్తే తెలియలేదు. కాసేపటికి తిరిగొచ్చి, అమ్మాయి పేరు మీదే చెయ్యండన్నాడు. ఆ కుర్రాడు టైపు చేసుకుంటూ, వాడి పని వాడిది కాబట్టి, నామినీ ఎవరని అడిగాడు. నాకేదన్నా జరిగితే డబ్బు ఎవరికివ్వాలని దానర్థం. రాయవలసినది నాన్న పేరే. నాన్న పేరు నా బండి కాగితాల్లో ఎక్కడుండాలని నేను కలగన్నానో అక్కడ కాకుండా నామినీ గడిలోకొచ్చి చేరింది. నాన్న తన పేరు తనే చెప్పాడు, అక్షరాలతో సహా, పోలీసులకి చెప్పినట్టు తడబడకుండా.

ఆ సాయంత్రం మొదటి సవారీకి మావయ్యగారు ఎక్కారు. బ్యారేజీ మీద గాలి ఎక్కువగా ఉంది. ఆయన కొట్టారు. నేను తల ఊపలేదు. ఆయన మీద నాకంత కోపంగా ఉంది. మా నాన్న సంతోషాన్ని చెడగొట్టడానికే వచ్చారనిపించింది. నాన్న అయితే చాలారోజులు ఆయనతో మాట్లాడలేదు, ఆయన ఎదురొస్తే చెప్పులు సర్దుకునేవాడు. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టే, బావున్నారాండీ అని పలకరించి వెళ్ళేవారు. తర్వాత ఒకరోజు నేను నాన్నని వెనక ఎక్కించుకుని కూచిపూడి వైపు వెళుతుంటే, పామర్రు దాటాక, హెల్మెట్ మీద టక్ టక్‌మని వినపడింది. నాన్నే. నేను తల ఊపాను. ఇంటికి రాగానే నాన్న తిన్నగా వీధి చివరి ఇంటికి వెళ్ళి, అక్కడే టీ తాగి వచ్చాడు.

ఇదంతా అయిన తర్వాత, ఒకనాడు ఆయన మా గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా నన్ను బయటికి పిలిచారు. చేతిలో ఎల్లెల్లార్ కాగితం ఉంది. ఫోటోలో పోలీసులకి పట్టుబడ్డవాడిలా బిగుసుకుపోయి ఉన్నారు. నాకు బండి నేర్పమ్మా అన్నారు. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"మగపిల్లల్ని అడిగితే నవ్వుతారు. నువ్వు అరుస్తావు గానీ నవ్వవు" అన్నారు. ఈ వయసులో ఎందుకండీ అన్నాను. ఆయన తలవంచుకుని చెప్పారు. "వాడు ఎంత ఆశగా ఇచ్చాడో ఆ బండి. నా పేరు మీద పెట్టి మరీ ఇచ్చాడు. నేను ఒక్కసారన్నా తోలకపోతే, వాడిచ్చింది నేను తీసుకోనట్టే గదా."

భవానీపురంలో నది ఒడ్డున ఖాళీ స్థలం ఉంది. పొద్దున నమాజు అవగానే ఆయన బండి నెట్టుకుంటూ వచ్చేవారు. నంబరు ప్లేటు మీద ఎర్ర టేపుతో ఎల్ అక్షరం అంటించారు. మొదటిరోజు ఆయన తలకి పెట్టుకున్న హెల్మెట్ చూశాను. ఎడమవైపు మొత్తం గీతలు. రంగు లేచిపోయి తెల్లగా గీసుకుపోయిన గీతలు. అది ఎవరి హెల్మెట్టో అడగాల్సిన పని లేదు.

ఆయనకి నేర్పేసరికి తలప్రాణం తోకకి వచ్చింది. క్లచ్ నెమ్మదిగా వదలండి అంటే ఒక్కసారి వదిలేసేవారు, బండి గుర్రంలా ఎగిరి ఆగిపోయేది. బ్రేకు వేయమంటే హారన్ నొక్కేవారు. నేను పక్కన పరిగెడుతూ అరిచేదాన్ని. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆయన పడ్డారు కూడా, లేచి దులుపుకుని, ముందు బండికి దెబ్బ తగిలిందేమో చూశారు. కొన్నాళ్ళకి తిన్నగా వెళ్ళడం వచ్చింది గానీ, చేతులు వణుకుతూనే ఉండేవి.

ఒకరోజు పొద్దున మంచు పట్టి ఉంది. అవతలి ఒడ్డు కనపడటం లేదు. ఆయన బండి స్టార్ట్ చేసి, కదలకుండా కూర్చుని, వెనక కూర్చోమన్నారు. అప్పటిదాకా నన్ను ఎప్పుడూ ఎక్కించుకోలేదు. ఎక్కాను.

"మాట్లాడొద్దమ్మా. కొట్టు, అంతే" అన్నారు.

బండి కదిలింది. నేను చెయ్యి ఎత్తి, ఆ గీతలు పడిన హెల్మెట్ మీద రెండుసార్లు కొట్టాను. ఆయన భుజాలు ఒక్కసారి బిగుసుకుని, తర్వాత వదులయ్యాయి. హెల్మెట్ కిందికీ పైకీ ఒకసారి ఊగింది. అన్నాళ్ళూ వణికిన హ్యాండిల్ ఆ క్షణంనుంచి వణకలేదు. ఆ స్థలం చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాం.

ఆయన ఉర్దూలో మాట్లాడటం మొదలుపెట్టారు. గట్టిగా కాదు, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు. ఆ భాష నాకు అరకొరగా తెలుసు. బేటా అన్నమాట తెలుసు. మిగతాదంతా నేను భయపడినట్టు ఏడుపు కాదు. కొట్టు పక్కన బేకరీ మూసేశారని, అమ్మీకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయని, వరండా కారుతోందని, కొత్త దుప్పట్లు ఈసారి పలచగా వస్తున్నాయని. పొద్దున్నే కొట్టుకి వెళుతూ కొడుకుతో చెప్పుకునే మాటలు. ఒక్కోచోట ప్రశ్న అడిగి ఆగేవారు. ఆగినప్పుడల్లా నేను కొట్టేదాన్ని. ఆయన తల ఊపి ఇంకో సంగతి ఎత్తుకునేవారు. నా గొంతు వినపడితే అంతా పోతుందని నాకర్థమైంది. పెదవులు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అద్దాలు రెండూ ముందే బయటికి తిప్పేసి ఉన్నాయని అప్పుడు గమనించాను. ఆ మంచులో, ఆ సీటు మీద, నేను నేనుగా లేను. నా వేళ్ళు ఎవరివో అనిపించింది. జన్మలో అంత భయమూ, అంత దయా నాకు ఒకేసారి కలగలేదు.

ఎండ వచ్చేదాకా తిరిగాం. అప్పుడు బండి ఆపారు. ముందుకే చూస్తూ, "దిగి అటువైపు వెళ్ళమ్మా" అని తెలుగులో అన్నారు. దిగినది ఎవరో ఆయన చూడదలచుకోలేదు. నేను చప్పుడు చేయకుండా నీళ్ళవైపు నడిచి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తిరిగి చూస్తే బండి లేదు. ఇంటిదాకా నడుపుకునే వెళ్ళారట. ఆ తర్వాత ఇక ఎప్పుడూ నడపలేదు, లైసెన్సు పరీక్షకీ వెళ్ళలేదు. కనపడినప్పుడు, చాల్లే అమ్మా, నా బండి నేను తోలుకున్నా అన్నారు. ఆ పొద్దుటి గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఇక మొన్నటి సంగతి. నీళ్ళ సీసాలు పెట్టెలో పెట్టి, హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాను. సాయంత్రం నమాజు వేళకి అందుకోవాలి. ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం, చూడాలంటే ఇంట్లో ఉండగానే చూడాలి. హనుమాన్ జంక్షన్ దాకా ఆ రోడ్డు, అక్కడినుంచి హైవే. వేగంగా వెళితే అందుకుంటాను. కోతలైపోయాయి, ఎక్కడికక్కడ సగం రోడ్డు వడ్లే. ముందు ట్రాక్టరు ఒకటి ఆ వడ్ల అంచు తొక్కుకుంటూ పోతోంది. దాన్ని దాటాలని నేను యాక్సిలరేటర్ తిప్పాను.

టక్, టక్.

ట్రాక్టరు చక్రాలకింద నుంచి లేచిన గింజలే అయ్యుంటాయి. వెనక్కి చూస్తే తెలిసిపోయేది. నేను చూడలేదు. తల ఒకసారి కిందికీ పైకీ ఊపి, బండి నెమ్మది చేశాను. నెమ్మదిగా వెళితే ఆయన్ని చూడలేను. వేగంగా వెళితే ఆయన ఒప్పుకోరు. ట్రాక్టరు వెనకే, ఏడుస్తూ, ఆ వడ్లు దాటుకుంటూ వచ్చాను.

ముందు కూర్చున్నవాళ్ళు మాట్లాడొచ్చు, వెనకవాళ్ళే మాట్లాడకూడదు. అందుకని మాట్లాడాను. చెరువుల్లో నీళ్ళు ఈసారి బాగోలేవని, నాన్నకి చెవులు సరిగా వినపడటం లేదని, నా బండికి టైర్లు మార్చాలని. ఆయనకి చెప్పే మాటలే, అవే చెప్పుకుంటూ వచ్చాను.

నేను వెళ్ళేసరికి తీసుకెళ్ళిపోయారు. వీధిలో మగవాళ్ళెవరూ లేరు. వరండాలో దుప్పటి కప్పిన బండి పక్కన అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. చుట్టూ ఆడవాళ్ళు. నేను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడిపోయాను. ఆవిడ తలెత్తి నన్ను చూసి, నా హెల్మెట్ చూసి, గేటు బయట ఉన్న నా బండి వంక చూశారు.

"అంతదూరంనుంచి ఒక్కదానివే వచ్చావామ్మా?"

"కాదత్తయ్యా" అన్నాను.

ఎవరితో వచ్చావని ఆవిడ అడగలేదు. పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.